కాగితంపై చిన్న గీత

రేడియో టెలిస్కోపు వెలుగును చూడదు. అంతరిక్షం నుండి వచ్చే రేడియో తరంగాలను అందుకుంటుంది. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్, యంత్రం గీసిన కాగితాలను మీటర్ల కొద్దీ పరిశీలించేవారు. ఒకచోట అర్థంకాని చిన్న గీత కనిపించింది. అది మనుషుల యంత్రాల రొదేనేమోనని గురువు మొదట సందేహించారు. ఆమె వదలలేదు. 1.33 సెకన్లకోసారి వస్తున్న ఆ సంకేతం, గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రానిదని తరువాత తేలింది. అదే మొదటి పల్సార్. 1974లో నోబెల్ బహుమతి గురువు హ్యూయిష్‌కు, మార్టిన్ రైల్‌కు దక్కింది, ఆమెకు దక్కలేదు. 2018లో తనకు లభించిన 30 లక్షల డాలర్ల బహుమతిని ఆమె, అవకాశాలు కొరవడిన విద్యార్థుల భౌతికశాస్త్ర పరిశోధనకు ఇచ్చివేశారు. మీ బిడ్డ “ఇదేమిటి?” అని అడిగితే విసుక్కోకండి. కూర్చుని, కలిసి చూడండి.