ధరకు తలవంచే సంస్థ

రాయలసీమలోని మదనపల్లె దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. కోతల కాలంలో అక్కడికి వందలాదిమంది రైతులు సరకు తెచ్చి, వేలంలో పలికిన ధరకు అమ్ముతారు. తన పంటకు ఇంత ధర కావాలని శాసించే శక్తి వారిలో ఏ ఒక్కరికీ లేదు. దీనికి కారణమేమిటి?

ఉత్పత్తి చేసి అమ్మే ప్రతి విభాగాన్నీ అర్థశాస్త్రం ‘సంస్థ’ అంటుంది. ఆ దృష్టితో చూస్తే రైతు సేద్యం కూడా ఒక సంస్థే. ఒకే రకమైన వస్తువును అమ్మేవారూ, కొనేవారూ అసంఖ్యాకంగా ఉండి, ప్రవేశ నిష్క్రమణలకు స్వేచ్ఛ ఉన్న మార్కెట్టులో ‘సంపూర్ణ పోటీ’ నెలకొంటుంది. వాస్తవంలో ఇది పూర్తిగా కనిపించదు. వ్యవసాయ మార్కెట్లు మాత్రం దీనికి కొంత సమీపంలో ఉంటాయి. ఇక్కడ మొత్తం డిమాండు, మొత్తం సప్లయి కలిసి ధరను నిర్ణయిస్తాయి. ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండింటినీ కత్తెర అంచులతో పోల్చాడు. విడి సంస్థ ఆ ధరను స్వీకరించవలసిందే.

అయితే రైతు చేతిలో నిర్ణయమేదీ లేదా? ఉన్నది. ఉదాహరణకు, కోతకు ముందే కిలోకు 7 రూపాయల పెట్టుబడి అయిందనుకోండి. కోత కూలికీ, రవాణాకూ మరో 5 రూపాయలు కావాలి. ధర 8 రూపాయలుంటే పెట్టుబడి పూర్తిగా రాదు. అయినా కోయడమే మేలు; కిలోకు 3 రూపాయల నష్టమైనా తగ్గుతుంది. ధర 4 రూపాయలకు పడిపోతే మాత్రం కోసిన కొద్దీ నష్టం పెరుగుతుంది. మొదటి ఖర్చు కోసినా, కోయకున్నా తిరిగి రాదు. కావున కోత సమయంలో అది స్థిర వ్యయం వంటిది. కోత, రవాణా ఖర్చులు చర వ్యయం. ధర చర వ్యయానికైనా సరిపోనప్పుడు పంటను చేనులోనే వదలివేయడం నిర్లక్ష్యం కాదు. అది బాధాకరమైన వివేకం.

ప్రవేశ స్వేచ్ఛ మరొక పరిణామానికి దారితీస్తుంది. 2023 జూలైలో అనేక నగరాలలో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు నాటికి కొత్త పంట వెల్లువెత్తగా, కొన్ని మార్కెట్లలో ధర పది రూపాయల లోపుకు దిగజారింది. అధిక లాభం కొత్తవారిని ఆకర్షిస్తుంది. వారి రాకతో ఆ లాభం కరిగిపోతుంది.

పోటీ వినియోగదారునికి చౌకగా సరకు అందిస్తుంది. దాని భారాన్ని మాత్రం ఒంటరి రైతు మోస్తాడు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతుబజార్లు దళారుల వాటాను తగ్గించడానికి ఉద్దేశించినవి. నిల్వ వసతులు, శుద్ధి పరిశ్రమలు కూడా విస్తరిస్తే ధర పడిన రోజున రైతుకు చేనులో వదలివేయడం కాక మరో మార్గం దొరుకుతుంది.