సీళ్లు మార్చినా బకెట్ దిగిపోతోందా?

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు ఆపేసే వేసవిలోనే డెల్టాలో పూడికతీత, మట్టి తోలకం జోరుగా సాగుతాయి. అప్పుడు లోడరు ఒక పూట ఆగితే ట్రాక్టర్లన్నీ ఖాళీయే. సిలిండరు విప్పి సీళ్లు మార్పించినా సరిగా పనిచేయకపోతే కంగారుపడి పంపు మార్చేయకండి. ఈ వరుసలో చూసుకోండి.

బకెట్ కుదుపులతో లేస్తూ, ఆయిలు నురగ కడుతుంటే లోపల గాలి చిక్కుకుందన్నమాట. బకెట్ నేలకు దించి, ట్యాంకులో గుర్తు వరకు ఆయిలు పోయండి. లోడు లేకుండా, ఇంజను నెమ్మదిగా నడుపుతూ ఐదారుసార్లు పూర్తిగా లేపి దించండి. ఆయిలు మళ్లీ చూడండి.

లేపబోతే బకెట్ కిందికి వస్తోందా? హోస్ పైపులు తారుమారయ్యాయి.

రాడ్డు వెంట ఆయిలు కారుతుంటే రాడ్డు మీద గీతలున్నాయేమో చూడండి. గీతలుంటే కొత్త సీలునూ కోసేస్తాయి. సీలు తిరగబడినా అంతే.

బయట చుక్క కారకుండానే లేపిన బకెట్ మెల్లగా దిగిపోతుంటే తప్పు పిస్టన్ సీలుదో, కంట్రోల్ వాల్వుదో అయి ఉంటుంది. ఏదో తేల్చే పని మెకానిక్‌కే వదలండి.

అన్నిటికంటే ముఖ్యం: గట్టి ఆధారం పెట్టకుండా లేపిన బకెట్ కిందికి వెళ్లకండి. ఇంజను ఆపి, లీవర్లు అటూ ఇటూ కదిపి ఒత్తిడి తీశాకే పైపు విప్పండి. సన్నటి లీకును చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఒత్తిడిలో ఉన్న ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. సూది గుచ్చినంత గాయమే కదా అని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు.