కీమో తర్వాత వాంతులు: ఇంట్లో ఏం చేయాలి?

జ్యోతినగర్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 200 కిలోమీటర్లకు పైనే. రామగుండంలో రైలు దిగేదాకా బాగున్న మనిషికి రెండో రోజో మూడో రోజో ఇంట్లో వాంతులు పట్టుకుంటాయి. సిస్‌ప్లాటిన్ ఎక్కించినప్పుడైతే ఈ బాధ అయిదు రోజులదాకా ఉండొచ్చు. అందుకే ఆసుపత్రి గడప దాటకముందే వాంతుల మాత్రలు ఎన్ని రోజులకు రాశారో చూడండి. ఏది ఏ పూట వేయాలో నర్సుతో తెలుగులో రాయించుకోండి. వార్డు ఫోన్ నంబరూ అడగండి.

ఇంటికొచ్చాక మాత్రలు గడియారం చూసి వేయాలి. ‘వాంతయితే చూద్దాంలే’ అని ఆపేవాళ్లే ఎక్కువ అవస్థ పడతారు. కీమో మందు వల్ల పేగుల్లో సెరటోనిన్ విడుదలై, వాంతి చేయమని మెదడుకు కబురందుతుంది. ఒండాన్‌సెట్రాన్ ఆ కబురును అడ్డుకుంటుంది. ఈ మందుతో మలబద్ధకం రావచ్చు, డాక్టరుకు చెప్పండి. వాంతులకే ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ను పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. పొద్దున తిన్నాక వేసుకోవడం మేలు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి. ఒలాన్జపిన్ వేసుకుంటే మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రిపూట ఇస్తారు. అది మానసిక జబ్బులకు వాడే మందని ఎవరో అంటే భయపడి మానేయకండి. వాంతులకూ బాగా పనిచేస్తుంది. 2.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు 10 మిల్లీగ్రాములకు తీసిపోదని, మత్తూ తక్కువని ముంబయి టాటా మెమోరియల్ వైద్యుల పరిశోధన 2024లో చూపింది.

ఇక తిండి. పోపు, వేపుళ్ల వాసన రోగి గదిలోకి రానివ్వకండి. జావ, పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ కొంచెం కొంచెంగా, గంటా రెండు గంటలకోసారి పెట్టండి. తినగానే పడుకోనివ్వద్దు. ఎంతో ఇష్టమైన కూర ఆ రోజుల్లో వండొద్దు, తర్వాత దాన్ని చూస్తేనే రోత పుట్టొచ్చు. మన దగ్గర ఎండలు తెలిసినవే, ఒంట్లో నీరు త్వరగా పోతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీటిలో కలిపి గుక్కగుక్కగా తాగించండి. తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్ తేలిగ్గా సోకే రోజులు కాబట్టి బండి మీది చెరుకురసం వద్దే వద్దు.

రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా హైదరాబాద్ వెళ్లే తేదీదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి గోదావరిఖని ప్రభుత్వ ఆసుపత్రికి, సింగరేణి కుటుంబమైతే ఏరియా ఆసుపత్రికి వెళ్లండి. కీమో కాగితాలు వెంట ఉండాలి.

ఏ రోజు ఎన్ని వాంతులయ్యాయో ఒక కాగితంపై రాసిపెట్టండి. తర్వాతి కీమోకు వెళ్లినప్పుడు ‘ఏదో అట్ల నడిచింది సార్’ అనకుండా ఆ కాగితం చూపించండి. మందులు మార్చే వీలుంది, అడగండి.