నాయకుని లింగపరివర్తనము – ఔచిత్యవిచారము

పురుషుడు స్త్రీపాత్రను ధరించుట వేఱు. పాత్రయే స్త్రీగా మాఱుట వేఱు. మొదటిదానిని భరతముని ‘రూపానుసారిణి’ యను ప్రకృతిభేదముగ నంగీకరించెను. స్థానం నరసింహారావుగారి సత్యభామ యిందులకు లక్ష్యము. అచట నటుడు పురుషుడైనను సత్యభామ సత్యభామయే. రెండవది ఇతివృత్తమునకు సంబంధించినది. కావున దానిని రసౌచిత్యముచే పరీక్షింపవలెను.

నాయకునకు అనుచితమైనదానిని, రసవిరుద్ధమైనదానిని విడువవలెను, లేదా వేఱువిధముగ కల్పింపవలెనని ధనంజయుడు దశరూపకమున విధించెను. శాకుంతలమున దుర్వాసశాపకల్పన యట్టిదే. కనుక సహేతుకమైన మార్పు శాస్త్రసమ్మతము.

షేక్స్పియరు ‘టెంపెస్టు’ నాటకమును జూలీ టేమర్ 2010లో చలనచిత్రముగ తీయుచు, నాయకుడగు ప్రాస్పెరోను ప్రాస్పెరా యను స్త్రీగా మార్చెను. హెలెన్ మిర్రెన్ ఆ పాత్రధారిణి. మూలమున మిలాను ప్రభువగు ప్రాస్పెరో గ్రంథపఠనాసక్తుడై, రాజ్యభారమును తమ్ముడగు ఆంటోనియోపై నుంచి, వానిచేతనే పదభ్రష్టుడాయెను. చిత్రమున ప్రాస్పెరా ప్రభువునకు భార్య. భర్త మరణానంతరము ఆంటోనియో ఆమెపై క్షుద్రవిద్యల నింద మోపెను. అనగా లింగముతోపాటు పతనహేతువును మాఱినది.

దీని ఫలము నిర్వహణమున గోచరించును. శత్రువులను క్షమించి, తన మంత్రవిద్యను త్యజించుట ఉభయత్ర సమానమే. కాని చిత్రమున, ఏ విద్య నిందకు కారణమయ్యెనో ఆ విద్యనే ఆమె స్వేచ్ఛగ విడచుచున్నది. అందుచే త్యాగము గాఢతరమైనది. నాయకుని స్వీయప్రమాదము మఱుగుపడుటచే మూలమందలి పశ్చాత్తాపచ్ఛాయ కొంత క్షీణించినమాటయు సత్యమే.

కావున ఇట్టి అనుసరణములయందు హేతువు మాఱెనా, అది ఫలప్రాప్తిపర్యంతము అనువర్తించెనా యను రెండింటిని విద్వాంసులు విచారింతురుగాక. ఆ రెండును లేనిచో మాఱినది వేషమాత్రమే.