తీర్పు చదవడానికి ఏఐ, అప్పీలుకు వకీలు

ప్రశ్న: మా పొలం కేసు తీర్పు ఇంగ్లీషులో ఉంది. ఫోన్లో ఏఐ చెప్పిన మాట నమ్మి అప్పీలుకు పోవచ్చా? – ఒక రైతు, ఆలూరు

జవాబు: తీర్పులో ఏముందో తెలుసుకోవడానికి ఏఐ పనికొస్తుంది. సుప్రీంకోర్టే 2019 నవంబరులో ‘సువాస్’ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది. అది తీర్పులను తెలుగులోకీ మారుస్తుంది. ఆ అనువాదాలనూ మనుషులు సరిచూడాల్సిందే.

చిక్కంతా సలహా దగ్గరే. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ అల్లిన లేనిపోని తీర్పులను కోర్టుకిచ్చిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. లాయర్లే బోల్తాపడ్డ చోట సర్వే నంబర్లు, హద్దులు, వాటాల లెక్కను యంత్రానికి వదిలేయడం రైతుకు ప్రమాదం.

అందుకే అప్పీలుకు వకీలునే కలవండి. గడువు ముఖ్యం. సివిల్ డిక్రీపై జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకైతే 90.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. తీర్పు నకలు దగ్గర పెట్టుకొని ఈరోజే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.