కనిపించే సొత్తు – కనిపించని సొత్తు

సేకరణ మానవునికి సహజమైన అభిరుచి. బాల్యంలో తపాలా బిళ్ళలో, అగ్గిపెట్టె బొమ్మలో కూడబెట్టనివారు అరుదు. ఆ అభిరుచి ఎంతవరకు పెరగగలదో తెలియాలంటే మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని దర్శించాలి. అక్కడి ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. శిల్పి బెంజోనీ ఆ రూపాన్ని పలుమార్లు చెక్కాడు. వాటిలో కొన్ని నేడు అమెరికా మ్యూజియాలలో ఉన్నాయి. అయినా సాలార్‌జంగ్ కొన్న రెబెకా విలువ తగ్గలేదు. రూపం అనేకుల వద్ద ఉన్నా, ‘ఇది నాది’ అనుకోవడంలో ఒక తృప్తి ఉంది.

ఆ తృప్తినే సాంకేతిక విజ్ఞానం కంప్యూటరులోకి తెచ్చింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూర్ రాళ్ళగుట్టల ప్రాంతం హైటెక్ సిటీగా రూపుదిద్దుకొంది. 2018లో హైదరాబాదు అంతర్జాతీయ బ్లాక్‌చైన్ సదస్సుకు వేదికైంది. బ్లాక్‌చైన్ అంటే ఒక లెక్కల పుస్తకం. పూర్వం పహాణీ పట్వారీ చేతిలో ఉండేది. అతడు దిద్దినదే లెక్క. బ్లాక్‌చైన్ పుస్తకమో, వేల కంప్యూటర్లలో ఒకేసారి ఉంటుంది. ఒకచోట దిద్దితే తక్కినవి ఒప్పుకోవు. ‘ఫలానా బొమ్మ ఫలానా వారిది’ అని అందులో నమోదైన పద్దునే ఎన్‌.ఎఫ్‌.టి. అంటున్నారు.

2017లో ‘క్రిప్టోకిట్టీస్’ అనే ఆటలో బొమ్మ పిల్లులను కొనడానికి జనం ఎగబడగా ఇథీరియం వ్యవస్థ స్తంభించినంత పనైంది. 2021 మార్చిలో బీపుల్ అనే కళాకారుని చిత్రం క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

జనం వీటిని ఎందుకు కొంటారు? లాభాపేక్ష మొదటి కారణమనడంలో సందేహం లేదు. కాని అదొక్కటే కాదు. అరుదైన వస్తువు గలవానికి తోటివారిలో లభించే గుర్తింపు ధనాశకు తీసిపోదు. అభిమాన కళాకారునికి నేరుగా సొమ్ము చేరుతుందనే సంతోషం కొందరిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కొత్త పరిజ్ఞానాన్ని స్వయంగా పరీక్షించాలనే కుతూహలం తోడవుతుంది. వాడుక తేలికగా ఉన్న అప్లికేషన్ వైపు సామాన్యుడు మొగ్గుతాడు. రహస్య సంకేతం పోతే సొత్తంతా పోతుందని తెలిసినప్పుడు వెనుకాడుతాడు. ఆ భయం నిరాధారమైనది కాదు.

ట్విటర్ వ్యవస్థాపకులలో ఒకరైన జాక్ డోర్సీ తొలి సందేశపు ఎన్‌.ఎఫ్‌.టి. 2021లో 29 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాడు 2022 ఏప్రిల్‌లో దానిని 4.8 కోట్ల డాలర్లకు అమ్మజూపాడు. గడువు ముగిసేనాటికి వచ్చిన పెద్ద బేరం 300 డాలర్లయినా లేదు! సంకేతం చెక్కుచెదరలేదు, పద్దు మారలేదు. మరొకరికి ఆశ లేకపోవడమే లోపం. మన దేశంలో 2022 ఏప్రిల్ నుండి ఇటువంటి ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒకదానిపై వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకొనే వీలు లేదు.

తొలి జీతంతో ఇటువంటి బొమ్మ కొనే గచ్చిబౌలి యువకుడు గమనించని అంశం మరొకటి ఉంది. పద్దు కొన్నంత మాత్రాన కాపీరైటు అతనిది కాదు. పైగా బొమ్మ తరచుగా ఆ గొలుసులో ఉండదు, వేరొక కంప్యూటరులో ఉంటుంది. దానిని నడిపే సంస్థ మూతపడితే యజమాని పేరు పుస్తకంలో పదిలంగానే ఉంటుంది. బొమ్మ మాత్రం ఉండదు.