హాస్టల్‌లో అగ్నిభద్రత పనులు జరుగుతున్నాయా? ఇవి చూసుకోండి

సంక్షేమ హాస్టళ్లలో పాత వైరింగ్ మార్చడం, పొగ అలారం బిగించడం లాంటి పనులు మీరు గదుల్లో ఉంటుండగానే జరుగుతుంటాయి. పని పూర్తయ్యే దాకా మరింత జాగ్రత్త కావాలి.

ఎందుకు?
పాత అలారం తీసేసి, కొత్తది ఇంకా పెట్టని రోజులుంటాయి. పైపులు, సిమెంటు బస్తాలు మెట్ల మీదికి చేరతాయి. 2004లో తమిళనాడులోని కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ మెట్ల దారి ఇరుకు.

మీరు చూడాల్సినవి
1. రెండు మెట్ల దారులుంటే, ఏ రోజైనా ఒకటి పూర్తిగా ఖాళీగా ఉండాలి.
2. రాత్రి గ్రిల్‌కు తాళం వేస్తే, తాళంచెవి ఉన్న మనిషి అక్కడే ఉండాలి.
3. అలారం పనిచేయని రాత్రుల్లో వాచ్‌మన్ మేల్కొని అన్ని అంతస్తులూ తిరగాలి.
4. మంటలార్పే సిలిండర్ మీటరు ముల్లు పచ్చరంగులో ఉండాలి.
5. వెల్డింగ్ జరిగే చోట పరుపులు, దుప్పట్లు ఉండకూడదు.

పొగ వస్తే?
అందరినీ కేకేసి లేపండి. ట్రంకు పెట్టె కోసం ఆగొద్దు. పొగ పైకి లేస్తుంది కాబట్టి వంగి, నేలకు దగ్గరగా బయటికి రండి. తర్వాత 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

దారి మూసేసి ఉంటే ఆ రోజే వార్డెన్‌కు చెప్పండి, కాగితం మీద కూడా రాసివ్వండి. ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు. ఆ మెట్లు దిగాల్సింది మీరే.